బరోడా యాత్ర: ఛాప్ స్టూడియో, సేవ్ ఉసల్, ఒక తువ్వాలు గొడవ

బరోడా (వడోదర) వెళ్లింది మా అక్క కూతురి కోసం. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివింది, ఎచింగ్ అంటే ప్రాణం. లోహపు ప్లేటు మీద గీసిన గీతలను యాసిడ్‌తో లోతు చేసి, ఇంకు నింపి కాగితం మీద అచ్చు తీసే కళ అది. చదువు అయిపోగానే కాలేజీ ప్రెస్సు చేజారింది. బొమ్మలు వేసే పిల్లకు ఇంట్లో ఒక మూల చాలు. ఎచింగ్ చేసే పిల్లకు బరువైన ఇనప ప్రెస్సు కావాలి, యాసిడ్ ట్రేలు కావాలి, ఆవిర్లు బయటికి పోయే గది కావాలి. మన ఇళ్లలో అవెక్కడ కుదురుతాయి? దాని జింక్ ప్లేట్లన్నీ అటకెక్కాయి. అది అడ్వర్టయిజ్‌మెంట్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంది. బరోడాలో ఛాప్ అని, కళాకారులందరూ కలిసి వాడుకునే ప్రింట్ స్టూడియో ఉందని, అక్కడ నేర్పుతారు కూడా అని తెలిసినప్పుడు నేనే పట్టుబట్టి అక్కనూ దాన్నీ బయల్దేరదీశాను.

సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ప్రయాణం హాయిగా సాగింది.

బస మాత్రం పీడకల. స్టేషన్‌కు దగ్గరని సయాజీగంజ్‌లో ఒక హోటల్ యాప్‌లో బుక్ చేశాను. ముగ్గురికి గది, రాత్రికి 1,650 రూపాయలు. దిగాక కౌంటర్‌లో మేనేజరు మూడో మనిషికి పరుపు వేయాలంటే ఇంకో 500 అన్నాడు. బుకింగ్‌లో ముగ్గురని రాసి ఉందని ఫోన్ చూపించాను. "అది యాప్ వాళ్లను అడగండి మేడమ్" అన్నాడు. రాత్రి తొమ్మిదయింది, అక్కకు మోకాళ్ల నొప్పులు. కట్టేశాం. వేడినీళ్లు పొద్దున ఎనిమిది వరకే. కిటికీ తెరిస్తే జనరేటర్ పొగ. అసలు గొడవ ఖాళీ చేసే రోజు జరిగింది. తువ్వాలుకు ఇంకు మరక చేశారట, 450 కట్టాలట! మా పిల్ల గోళ్లలో ఇంకు చూశాడు, ఇక వదల్లేదు. మేం వాడింది నల్ల ఇంకు, ఆ మరక నీలం. పైగా గదిలో అడుగుపెట్టిన రోజే మా పిల్ల మంచం, బాత్రూం, తువ్వాళ్లు అన్నీ ఫోటో తీసి పెట్టుకుంది. ఆ ఫోటోలో మరక స్పష్టంగా ఉంది, టైముతో సహా. అది చూపించాక కూడా సారీ అనలేదు, "సరే, వెళ్లండి" అన్నాడు. పరుపు డబ్బులు తిరిగి రాలేదు. ఎక్కడ దిగినా గదిలో సామాను పెట్టకముందే ఫోటోలు తీసుకోండి.

ఇప్పుడు ఛాప్ గురించి. గులాం మొహమ్మద్ షేక్, విజయ్ బగోడి, కవితా షా కలిసి 1999లో మొదలుపెట్టిన స్టూడియో ఇది. సొంత ప్రెస్సు లేని కళాకారులు వచ్చి పని చేసుకోవచ్చు, కొత్తవాళ్లు వర్క్‌షాపుల్లో నేర్చుకోవచ్చు. మాకు నేర్పినావిడ మొదటి గంటలోనే మా పిల్ల తొందర కనిపెట్టేసింది. ప్లేటు అంచులు ఆకురాయితో సరిగ్గా ఏటవాలుగా రుద్దలేదని రెండుసార్లు వెనక్కి ఇచ్చింది. పదునైన అంచు ఒత్తిడికి కాగితాన్ని కోసేస్తుంది, ప్రెస్సు మీద పరిచే ఫెల్టును (మందపాటి ఉన్ని గుడ్డను) కూడా పాడుచేస్తుంది. ఆ ఫెల్టు అందరిదీ, తర్వాత వచ్చే మనిషికి అది బాగుండాలి అని చెప్పింది. నలుగురూ వాడే చోట పని నేర్చుకుంటే ఈ బాధ్యత కూడా అబ్బుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

పలచన చేసిన నైట్రిక్ యాసిడ్‌లో జింక్ ప్లేటు పెడితే గీసిన గీతల వెంబడి బుడగలు లేస్తాయి. వాటిని ఈకతో మెల్లగా తోసెయ్యాలి, లేకపోతే యాసిడ్ గీతను ఎగుడుదిగుడుగా తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, ముద్రలో అంత నలుపు. ఇంకు పూసి గుడ్డతో తుడిచే దగ్గర మా పిల్ల తడబడింది. గీతల్లోని ఇంకు కూడా లాగేస్తోంది. అవతలి బల్ల దగ్గర వుడ్‌కట్ (అచ్చు తీసే చెక్కబొమ్మ) చెక్కుకుంటున్న పెద్దాయన తన పని ఆపి వచ్చి, అరచేతికి సుద్దపొడి రాసుకుని పైపైన ఎలా తుడవాలో చూపించి వెళ్లిపోయారు. ఆయన మా వర్క్‌షాపు టీచరు కూడా కాదు! అప్పటిదాకా హోటల్ కోపంతో మూతి ముడుచుకుని కూర్చున్న మా అక్కకు కాగితాలు తడిపి బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టే పని అప్పగించారు. కాసేపటికి "ఇంత తడి చాలా?" అని అందరినీ అడుగుతూ తిరిగింది. ప్రెస్సు చక్రం నేను తిప్పాను. కాగితం ఎత్తగానే మా పిల్ల "పిన్నీ, నలుపు చూడు!" అని గట్టిగా అరిచింది. ఏడాదిగా దాని గొంతులో ఆ హుషారు వినలేదు.

అక్కడి మాటల్లో మన తెలుగు కళాకారుల పేర్లు వస్తుంటే గర్వంగా అనిపించింది. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మా గౌడ్ 1963లో చేరింది ఈ ఊరి ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలోనే, చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ పాఠాలు చెబుతున్న రోజుల్లో. ధర్మపురిలో పుట్టిన దేవరాజ్ డాకోజీ కూడా ఇక్కడే చదివి, తర్వాత న్యూయార్క్‌లో రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాప్‌లో ప్రింటర్ అయ్యారు, అది కూడా ఇలాంటి ఉమ్మడి స్టూడియోనే. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లోని అతెలియే 17 అనే ఉమ్మడి స్టూడియోలో పనిచేస్తూ విస్కాసిటీ పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఒకరు. ఇంకుల్లో నూనె పాళ్లు మార్చి, గట్టి రోలరు, మెత్తటి రోలరు వాడి, ఒకే ప్లేటు మీద నుంచి అన్ని రంగులూ ఒకేసారి అచ్చు వేయడం. పలచటి ఇంకు చిక్కటి ఇంకును తన మీద అంటనివ్వదు, కిటుకంతా అందులోనే ఉంది. ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే ఇవి పుట్టేవి కావని నా నమ్మకం. మన ఊళ్లలో ప్రెస్సులు కొని తాళం వేసి ఉంచే సంస్థలు సాయంత్రాలైనా బయటి పిల్లలకు తలుపు తీయాలి.

ఫీజు వర్క్‌షాపును బట్టి మారుతుంది కాబట్టి ముందే ఫోన్ చేయండి. ప్లేటు, కాగితం, ఇంకు అందులో కలిసి ఉన్నాయో లేదో తప్పకుండా అడగండి. పాత బట్టలు, రబ్బరు గ్లవ్స్ తీసుకెళ్లండి. ఆటోవాళ్లు 200 చెప్పిన దూరానికి యాప్‌లో 75 పడింది.

తిండి విషయంలో అక్క మొదట బాగా నిరాశపడింది. 280 రూపాయల గుజరాతీ థాలీలో పప్పు కూడా తియ్యగా ఉందని ఊరగాయతో సరిపెట్టింది. మర్నాడు స్టూడియోలో ఒకమ్మాయి చెబితే సేవ్ ఉసల్ బండికి వెళ్లాం. బఠాణీల ఘాటు కూర, పైన సేవ్, ఉల్లిపాయ ముక్కలు, పక్కన పావ్, ఎర్రటి తరీ (కారం పులుసు) అడిగినంత పోస్తాడు. ప్లేటు 70 రూపాయలు. అక్క చెమటలు తుడుచుకుంటూ రెండో ప్లేటు చెప్పింది. ఆ తర్వాత థాలీ ఊసెత్తలేదు.

లక్ష్మీ విలాస్ ప్యాలెస్ ఆవరణలోని ఫతేసింగ్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలున్నాయి. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

స్టూడియోలో అచ్చు తీసిన ముద్రలను చుట్టకండి. ఆరాక రెండు గట్టి అట్టల మధ్య పెట్టి టేపు వేయండి, మాకు 80 రూపాయలైంది. రైల్లో వాటిని పై బెర్తు మీద పడుకోబెట్టి మా పిల్ల పక్కన ముడుచుకుని పడుకుంది. డిసెంబరులో ఒక్కతే మళ్లీ వెళ్తుందట, ఈసారి అక్వాటింట్ (ఎచింగ్‌లో గీతలు కాకుండా నీడలు, ఛాయలు తెచ్చే పద్ధతి) నేర్చుకోవడానికి. స్టేషన్ దగ్గర కాకుండా, ఫ్యాకల్టీకి దగ్గరైన ఫతేగంజ్ వైపు గది చూసుకోమని చెప్పాను.