అమ్మకానికి ముందు ఇంటికి మరమ్మతులు చేయించే సేవ: ఎక్కడ మెచ్చుకోవాలి, ఎక్కడ కన్నేసి ఉంచాలి

ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు అవసరమైన పనులన్నిటినీ, మొదటి పరిశీలన నుంచి చివరి రంగు పూత దాకా, ఒకే ఒప్పందం కింద చేసిపెట్టే సేవను ఇటీవల మేము వినియోగించుకున్నాము. సంస్థ పేరు రాయడం లేదు. ఈ తరహా సేవలు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి, పనితీరును వివరంగా చెప్పడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వారు చేసిన పనుల కన్నా, వద్దని ఆపించిన పనుల వల్లే మాకు ఎక్కువ మేలు జరిగింది.

వంటగదిని మొత్తం తీయించి కొత్తగా చేయించాలన్నది మా ఆలోచన. పరిశీలనకు వచ్చిన వ్యక్తి అరలన్నీ తెరిచి చూసి, సింకు కింద తేమకు ఉబ్బిన చెక్కను వేలితో నొక్కి చూపించి, ఆ ఒక్క భాగాన్ని మార్చి, మిగతా అరలకు తలుపులు, హింజెస్, హ్యాండిల్స్ మాత్రం కొత్తవి వేస్తే సరిపోతుందని తేల్చారు. తనకు వచ్చే పెద్ద పనిని తానే తగ్గించుకున్న ఆ సలహా నాకు నచ్చింది. దానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలో ఏటా వెలువడే ‘కాస్ట్ వర్సెస్ వాల్యూ’ నివేదిక 2024 సంచికలో, వంటగదికి చేసే చిన్నపాటి మార్పుల ఖర్చులో సగటున 96 శాతం దాకా అమ్మకంలో తిరిగి వస్తుందని అంచనా వేయగా, అత్యంత ఖరీదైన స్థాయిలో చేయించే వంటగదికి అది దాదాపు 38 శాతమే. ఆ అంకెలు అక్కడి మార్కెట్‌వి, వాటిని ఉన్నవున్నట్లుగా మరోచోటికి అన్వయించలేము. కారణం మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది. మన అభిరుచి కొద్దీ వంటగట్టుకు ఏరికోరి వేయించిన రాయి కొనేవారికి నచ్చకపోతే, దాన్ని తీయించే ఖర్చును కూడా వారు ధరలో తగ్గించి లెక్కవేస్తారు.

ఈ సేవలో అన్నిటికన్నా బాగున్నది బాత్‌రూమ్ పని. పాత టైల్స్‌ను చెక్క పిడితో తట్టి, డొల్లగా మోగినవాటికి సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. నేలను తీసేశాక వాటర్‌ప్రూఫింగ్ పూతను నేలకే పరిమితం చేయకుండా గోడ మీదికి కూడా కొంత ఎత్తు వరకు తీసుకువెళ్లారు. నేల, గోడ కలిసే మూలలో ముందు బలపరిచే పట్టీ అతికించి, ఆ తరువాతే పూత వేశారు. చీలికలు ఎక్కువగా పుట్టేది ఆ మూలలోనే. పూత ఆరాక నీరు పోయే మార్గాన్ని మూసి, నేల మీద నీళ్లు నిలిపి, నీటి మట్టం దగ్గర గోడపై పెన్సిల్ గీత గీసి, 24 గంటలు అలాగే వదిలేశారు. మరునాడు గీతను సరిచూసి, కింది గది పైకప్పును కూడా పరిశీలించిన తరువాతే టైల్స్ వేయడానికి అనుమతించారు. టైల్స్ వేసేటప్పుడు మీటరుకు 10 నుంచి 15 మిల్లీమీటర్ల వాలు ఉందో లేదో స్పిరిట్ లెవెల్ పెట్టి చూశారు. పైగా, టైల్స్ కిందికి వెళ్లిపోయే పైపులన్నిటినీ కొలత టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసి ఇచ్చారు. ఇల్లు చూడడానికి వచ్చినవారు కొత్త కుళాయిల కన్నా ఈ ఫోటోలనే ఎక్కువసేపు చూశారు. మెరుపు చూసి ధర పెంచేవారు తక్కువ, చెమ్మ మరక చూసి ధర తెగ్గోసేవారు ఎక్కువ.

ఇక పెయింటింగ్ దగ్గర మార్కులు తగ్గించక తప్పదు. ఒక గోడకు పెచ్చులూడిన చోట కొత్తగా సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, అది పూర్తిగా ఆరకముందే పుట్టీ, ప్రైమర్ వేసేశారు. సిమెంటు ప్లాస్టర్‌కు సాధారణంగా నాలుగు వారాల వ్యవధి ఇవ్వాలన్నది ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిన విషయమే. లోపలి తేమ బయటికి వచ్చేటప్పుడు లవణాలను వెంట తెచ్చి, పూత కింద తెల్లటి పొరగా పేరుస్తుంది. మా గోడ మీద అదే జరిగింది. తేమ కొలిచే మీటరు వారి సంచిలోనే ఉంది, మొదటి పరిశీలన రోజున దాన్ని గోడలకు ఆనించి చూపించారు కూడా. రంగు వేసే ముందు మాత్రం ఎవరూ బయటికి తీయలేదు. ఫిర్యాదు చేయగానే వాదించకుండా పూత గీకించి, గోడ ఆరిన తరువాత అదనపు రుసుము లేకుండా మళ్లీ వేసిన మాట నిజమే, కానీ దానివల్ల ఇంటిని అమ్మకానికి పెట్టడం వెనక్కు జరిగింది. రంగుల ఎంపికలో లేత, తటస్థ ఛాయలకే కట్టుబడి ఉండమన్న వారి సలహా సరైనదే.

విద్యుత్ పనిలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. వదులైన స్విచ్‌లు మార్చి, షాక్ నుంచి రక్షణకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్) అమర్చారు. వీధి తలుపును పాలిష్ చేసి తాళం మార్చడం చిన్న పనే అయినా, ఇంటి ముందు నిలబడినవారికి మొదట కనిపించేది అదే కాబట్టి నేను దాన్ని వృథా ఖర్చు అనను.

ఎస్టిమేట్‌లో ప్రతి పనికీ కొలత, సామగ్రి రకం, కూలీ విడివిడిగా ఉండడం మెచ్చుకోదగినది. అయితే పాత సామాను, శిథిలాల తరలింపును అందులో చేర్చకుండా చివరి బిల్లులో కలిపారు, దానిపై కొంత వాదించవలసి వచ్చింది.

పాతబడినా కట్టడం గట్టిగా ఉన్న ఇంటికి ఈ సేవను నేను సూచిస్తాను. పునాది కుంగడం, స్లాబులో ఇనుము తుప్పు పట్టడం వంటి లోపాలున్న ఇంటికి ముందుగా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి, ఆ పని వీరి పరిధిలోకి రాదు. మరొక మాట: వాటర్‌ప్రూఫింగ్ హామీ పత్రాన్ని మొదట మా పేరు మీద, ఇతరులకు బదిలీ కాదన్న షరతుతో తయారుచేశారు. ఇల్లు చేతులు మారగానే చెల్లకుండా పోయే హామీ అమ్మేవారికి ఎందుకని అడిగితే, దాన్ని ఇంటి చిరునామాకు వర్తించేలా మార్చి ఇచ్చారు. ఒప్పందం మీద సంతకం చేయకముందే ఆ షరతును చూసుకుని మార్పించుకోవడం మంచిది.