అమెరికాలో జాతి వివక్ష వార్తలు: తటస్థ పత్రిక, ప్రగతిశీల వ్యాఖ్యానం, నల్లజాతి పత్రిక – ఏది మేలు?

అమెరికాలో పోలీసుల చేతిలో ఒక నల్లజాతి యువకుడు మరణించినప్పుడు ఆ సంగతిని మూడు రకాల గొంతులు చెబుతాయి. మొదటిది, ఉభయపక్షాల వాదనలనూ పక్కపక్కన ఉంచి తీర్పును పాఠకుడికే వదిలేసే పెద్ద పత్రికలది. రెండవది, ప్రభుత్వాన్నీ పోలీసు వ్యవస్థనూ నిలదీసే ప్రగతిశీల వ్యాఖ్యాతలది. కేబుల్ ఛానెళ్ల రాత్రి చర్చలూ, పాడ్‌కాస్టులూ, యూట్యూబ్ ప్రసంగాలూ దీని కిందికే వస్తాయి. మూడవది తెలుగు పాఠకుల చెవిని అరుదుగా చేరేది: నల్లజాతివారు తమ కోసం తాము రెండు వందల ఏళ్లుగా నడుపుకుంటున్న పత్రికల గొంతు, ఆ ఒరవడిలోనే బాధితుల పక్షాన నిలబడి ఆధారాలు కూడగట్టే పరిశోధకుల గొంతు. ఇన్నాళ్లూ మా తరఫున ఇతరులు మాట్లాడారు, ఇక మా వాదన మేమే వినిపించుకుంటాం అని 1827 మార్చిలో న్యూయార్క్‌లో వెలువడిన ‘ఫ్రీడమ్స్ జర్నల్’ తన తొలి సంచికలోనే ప్రకటించుకుంది. రాజకీయంగా నా మొగ్గు ప్రగతిశీలుర వైపే. అయినా ఈ మూడింటిలో ఏది మేలని అడిగితే రెండవదానికి నేను మొదటి స్థానం ఇవ్వలేను. అందుకు కారణం చెప్పడానికి ఫెర్గూసన్ అనే ఒక చిన్న పట్టణం చాలు.

మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ నగర శివార్లలో ఉన్న ఆ పట్టణంలో 2014 ఆగస్టు 9న పద్దెనిమిదేళ్ల మైకేల్ బ్రౌన్‌ను డారెన్ విల్సన్ అనే పోలీసు అధికారి కాల్చి చంపాడు. శవం దాదాపు నాలుగు గంటలపాటు నడివీధిలోనే పడి ఉంది. ఊరు భగ్గుమంది, దేశం నలుమూలల నుంచీ విలేకరులు దిగారు. పెద్ద పత్రికలు అలవాటు ప్రకారం పోలీసుల మాట ఒక పేరాలోనూ, ప్రత్యక్ష సాక్షుల మాట మరొక పేరాలోనూ ఇస్తూ వచ్చాయి. అంతవరకూ తప్పు పట్టవలసిందేమీ లేదు, ఎందుకంటే అసలు జరిగిందేమిటో ఆ రోజుల్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. అయితే అంత్యక్రియలు జరిగిన ఆగస్టు 25న న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన వ్యాసం, చనిపోయిన ఆ కుర్రవాడు దేవదూతేమీ కాదని రాసింది. విమర్శలు వెల్లువెత్తగా, పాఠకుల ఫిర్యాదులను పరిశీలించే బాధ్యతలో ఉన్న మార్గరెట్ సల్లివన్ ఆ మాట వాడడం పొరపాటని అదే పత్రికలో రాశారు. ఆ వాక్యం వెనుక దురుద్దేశం ఉందని నేను అనుకోను. చంపిన అధికారి ప్రవర్తనను ప్రశ్నించాం కనుక చనిపోయినవాడి నడవడినీ కొంత ప్రశ్నిస్తే సమతూకం కుదురుతుందన్న అలవాటే దానికి మూలం. ఒకరు ప్రాణం తీసినవారు, మరొకరు ప్రాణం పోగొట్టుకున్నవారు అయినప్పుడు ఆ సమతూకం న్యాయం కాకుండా పోతుంది.

ప్రగతిశీల వ్యాఖ్యాతలు ఆ పొరపాటు చేయలేదు. వారు వేరే పొరపాటు చేశారు. బ్రౌన్ చేతులెత్తి లొంగిపోతుండగా కాల్చారన్న కథనాన్ని తిరుగులేని నిజంగా స్వీకరించి, ‘చేతులెత్తాను, కాల్చకండి’ అన్న నినాదం మీదనే తమ వాదన మొత్తాన్ని నిలబెట్టారు. టీవీ చర్చల్లో పాల్గొన్నవారు కొందరు తెర మీదనే చేతులెత్తి చూపించారు. 2015 మార్చి 4న ఒబామా ప్రభుత్వంలోని న్యాయశాఖ, అందునా ఎరిక్ హోల్డర్ అనే నల్లజాతి అటార్నీ జనరల్ నాయకత్వంలో, రెండు నివేదికలను ఒకే రోజున విడుదల చేసింది. చేతులెత్తాడన్న సాక్ష్యాలు భౌతిక ఆధారాలకు సరిపోవడం లేదనీ, విల్సన్ మీద అభియోగం మోపే ఆస్కారం లేదనీ మొదటి నివేదిక తేల్చింది. అప్పట్లో వాషింగ్టన్ పోస్ట్‌లో రాస్తుండిన ప్రగతిశీల నల్లజాతి వ్యాఖ్యాత జోనథన్ కేప్‌హార్ట్ తాను నమ్మింది తప్పని తన శీర్షికలోనే బాహాటంగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. అయితే అలా ఒప్పుకున్నవారు ఎక్కువమంది లేరు.

అసలు కథ రెండవ నివేదికలో ఉంది. ఫెర్గూసన్ జనాభాలో నల్లజాతివారు 67 శాతం కాగా, 2012 నుంచి 2014 వరకు పోలీసులు ఆపిన వాహనచోదకుల్లో వారు 85 శాతం, జరిమానా చీటీలు పొందినవారిలో 90 శాతం, అరెస్టయినవారిలో 93 శాతం ఉన్నారు. పట్టణ పాలకులు జరిమానాలను ఆదాయ వనరుగానే లెక్కగట్టుకున్నారు: 2015 బడ్జెట్‌లో సుమారు 1.33 కోట్ల డాలర్ల సాధారణ రాబడిలో దాదాపు 31 లక్షలు జరిమానాలూ రుసుముల రూపంలోనే వస్తాయని అంచనా వేసుకున్నారు. ఆ నివేదికలో ఒక స్త్రీ ఉదంతం ఉంది. 2007లో ఆమె కారును నిలపకూడని విధంగా నిలిపినందుకు రెండు చీటీలు రాసి, రుసుములు పక్కన పెడితే 151 డాలర్ల జరిమానా విధించారు. చేతిలో డబ్బు ఆడక ఆమె గడువులు తప్పింది, కోర్టు వాయిదాలకు రాలేదు, తప్పిన ప్రతిసారీ కొత్త రుసుము తోడైంది, వారెంటు వచ్చింది, ఆరు రోజులు జైల్లో గడిపింది. 2014 డిసెంబరు నాటికి ఆమె 550 డాలర్లు చెల్లించి ఉంది, ఇంకా 541 డాలర్లు బాకీ ఉంది. మన పల్లెల్లో వడ్డీవ్యాపారి రాసుకునే ఖాతా ఇలాగే ఉంటుంది, కాకపోతే ఇక్కడ ఖాతా రాసినది ప్రభుత్వమే.

ఆ కోపం ఒక్క కుర్రవాడి మరణం వల్ల పుట్టింది కాదని, ఇలాంటి వేలాది చీటీల కింద అది ఏళ్ల తరబడి పేరుకుపోయిందని న్యాయశాఖ చెప్పేదాకా పెద్ద పత్రికలు చాలావరకు గుర్తించలేదు. 1928 నుంచి నల్లజాతి పాఠకుల కోసం వెలువడుతున్న ‘సెయింట్ లూయిస్ అమెరికన్’ వారపత్రికకు ఆ పరిసరాలు కొత్తవి కావు. పేదల తరఫున వాదించే ‘ఆర్చ్‌సిటీ డిఫెండర్స్’ అనే న్యాయవాదుల సంస్థ ఆ ప్రాంతపు పట్టణ న్యాయస్థానాల తీరును 2014లోనే నివేదికగా వెలువరించింది. చేతులెత్తాడా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద దేశమంతా వాదులాడుతుండగా, వివక్ష ఏ యంత్రాంగం ద్వారా పనిచేస్తుందో తెలిసినవారు ఆ ఊళ్లోనే ఉన్నారు. పక్షం వహించారు కాబట్టి వారి మాట నమ్మదగినది కాదనడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ మూడవ మార్గానికి ఒరవడి పెట్టినది నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్. 1892 మార్చిలో మెంఫిస్ నగరంలో ముగ్గురు నల్లజాతి పురుషులను జైలు నుంచి ఈడ్చుకుపోయి ఒక శ్వేతజాతి మూక చంపింది. వారి అసలు నేరం, ఒక తెల్లవాడి దుకాణానికి పోటీగా ‘పీపుల్స్ గ్రోసరీ’ అనే కిరాణా దుకాణం నడపడం. అందులో ఒకరు వెల్స్‌కు దగ్గరి స్నేహితుడు. ఇటువంటి హత్యలన్నీ తెల్ల స్త్రీల మీద జరిగిన అత్యాచారాలకు ప్రతీకారమేనని అప్పటి పెద్ద పత్రికలు రాసేవి, చదువుకున్న నల్లజాతివారిలో కూడా కొందరు దాన్ని నమ్మేవారు. వెల్స్ తన ‘ఫ్రీ స్పీచ్’ పత్రికలో ఆ అబద్ధాన్ని ఎదుర్కొన్నది. మే నెలలో ఆమె ఊళ్లో లేని సమయంలో పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు, తిరిగి వస్తే చంపుతామన్నారు. ఆమె ఆగలేదు, అరుపులకూ దిగలేదు, లెక్కలు తీసింది. 728 మంది మూకహత్య బాధితుల్లో మూడవ వంతు మంది మీద మాత్రమే అత్యాచార ఆరోపణ అయినా ఉందని, ఆ ఆరోపణల్లోనూ నిరూపణ అయినవెన్నో వేరే ప్రశ్న అని చూపించింది. పైగా ఆ లెక్కలను ఆమె నల్లజాతి వనరుల నుంచి తీసుకోలేదు, శ్వేతజాతి యాజమాన్యంలోని చికాగో ట్రిబ్యూన్ ఏటేటా ప్రచురించే జాబితా నుంచి తీసుకున్నది. అతిశయోక్తి అని ఎవరూ కొట్టిపారేయకుండా హంతకులను వారివారి నోటి మాటలతోనే దోషులుగా నిలబెట్టడం ఆమె ఎత్తుగడ.

ఇక్కడ తటస్థ పత్రికకు దక్కవలసిన గౌరవం దానికి ఇవ్వాలి. ట్రిబ్యూన్ ఆ జాబితా వేయకపోతే వెల్స్ పని మరింత కష్టమయ్యేది. కోర్టు విచారణలకు రోజూ వెళ్లి రాసుకునే ఓపిక, పట్టణ సభల్లో కూర్చునే జీతగాళ్లు, రికార్డుల కోసం దావా వేయగల న్యాయవాదులు పెద్ద పత్రికలకే ఎక్కువగా ఉంటారు. అలాగని తటస్థత అన్న పేరును యథాతథంగా నమ్మనవసరం లేదు. 1898లో నార్త్ కరొలైనాలోని విల్మింగ్టన్‌లో నల్లజాతి పత్రిక ‘డైలీ రికార్డ్’ను తగలబెట్టి, ఎన్నికైన స్థానిక ప్రభుత్వాన్ని కూలదోసిన మూకను నెలల తరబడి రెచ్చగొట్టింది ఆ రాష్ట్రపు పెద్ద పత్రిక ‘న్యూస్ అండ్ అబ్జర్వర్’. ఆ పాపానికి అది 2006లో క్షమాపణ చెప్పుకున్నది. కెంటకీలోని లెక్సింగ్టన్ పత్రికదైతే ఇంకో తీరు: పౌరహక్కుల ఉద్యమాన్ని తాము పట్టించుకోలేదని, అందుకు విచారిస్తున్నామని 2004 జూలైలో, అంటే నలభై ఏళ్ల తరువాత, సవరణ ప్రకటించింది. అమెరికా పత్రికలు తెల్లవారి కళ్లతోనే లోకాన్ని చూస్తున్నాయని జాతి అల్లర్ల మీద విచారణకు అధ్యక్షుడు జాన్సన్ నియమించిన కెర్నర్ కమిషన్ 1968లోనే రాసింది. పక్షపాతం లేదని చెప్పుకునే పక్షపాతమే పట్టుకోవడానికి కష్టమైనది.

టీవీ విషయానికి వస్తే కథ కొంత వేరు. 1955లో నల్లజాతి హక్కుల న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ ఒక జాతీయ కార్యక్రమంలో మాట్లాడుతుండగా, మిసిసిపీలోని జాక్సన్‌లో డబ్ల్యుఎల్‌బిటి స్టేషన్ ప్రసారాన్ని ఆపి, క్షమించండి, కేబుల్‌లో అంతరాయం అన్న ఫలకాన్ని చూపించింది. ఆ ప్రాంతపు జనాభాలో దాదాపు 45 శాతం నల్లజాతివారే. వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకు చోటు ఇవ్వాలన్న నిబంధన 1949 నుంచి ఉన్నప్పటికీ దాన్ని అమలు చేసేవారు లేరు. ఒక క్రైస్తవ సంఘం 1964లో స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఆ స్టేషన్ ప్రసారాలను పూటపూటా నమోదు చేయించి, సాక్ష్యంతో కోర్టుకు ఎక్కితే, 1969లో స్టేషన్ లైసెన్సు రద్దయింది. ఆ నిబంధనను 1987లో ఎత్తివేశాక రేడియోలో మితవాద ప్రసంగాలు విజృంభించాయి. 1996లో మితవాదుల పక్షాన నిలిచే ఫాక్స్, దానితోపాటు ఎంఎస్ఎన్‌బిసి వార్తా ఛానెళ్లు మొదలయ్యాయి. ఈ రెండవది తరువాతి కాలంలో ప్రగతిశీలుర వేదికగా మారింది. ఈ రెండూ ఒక్క తానులో ముక్కలేనని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. 2020 ఎన్నికల యంత్రాల గురించి ప్రసారమైన అబద్ధాలకు ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు చెల్లించి దావా పరిష్కరించుకుంది. ప్రగతిశీలుర పక్షాన అంతటి ఉదంతం లేదు. అయినా రెండు చోట్లా వ్యాపారం నడిచే తీరు ఒకటే: రాత్రి తొమ్మిదింటికి ప్రేక్షకుడు లేచి వెళ్లకుండా ఉండాలంటే, వేల చీటీల నివేదిక కంటే ఒక్క వీడియో తునక ఎక్కువ పనికి వస్తుంది.

దాని ఫలితం 2019 జనవరిలో కనిపించింది. నటుడు జస్సీ స్మాలెట్ తన మీద చికాగోలో జాతి ద్వేషంతో దాడి జరిగిందని చెప్పగానే, విచారణ పూర్తి కాకముందే ప్రగతిశీల నాయకులు కొందరు దాన్ని నవీన మూకహత్యా యత్నం అన్నారు. అది కల్పితమని 2021లో జ్యూరీ నిర్ధారించింది. ప్రాసిక్యూటర్లు మొదట చేసుకున్న ఒప్పందానికి కట్టుబడాలన్న కారణంతో రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో ఆ శిక్షను కొట్టివేసింది. ఐడా వెల్స్ పేరుపేరునా, తేదీ తేదీనా పరిశీలించిన తరువాతనే వాడిన ఆ మాటను మనవాళ్లు ఒక్క పూటలో ఖర్చు చేసేశారు. జాతి వివక్ష లేదని చెప్పేవారికి అంతకు మించిన కానుక ఇంకొకటి ఉండదు.

నల్లజాతి పత్రికలకూ లోపాలున్నాయి. దక్షిణాది నల్లజాతివారిని ఉత్తరాదికి రమ్మని పిలిచి, రైల్వే పోర్టర్ల ద్వారా ఊరూరా చేరిన ‘చికాగో డిఫెండర్’ సైతం చర్మాన్ని తెల్లబరిచే లేపనాల ప్రకటనల డబ్బుతో నడిచింది. ఆ పత్రిక అచ్చు సంచిక 2019 జూలైలో ఆగిపోయింది. చాలా వారపత్రికల్లో నలుగురైదుగురే పనిచేస్తారు, జాతీయ వ్యవహారాలు వాటికి అందవు, తమ పాదిరీల మీదా స్థానిక పెద్దల మీదా అవి కలం ఎత్తడం తక్కువ.

తెలుగువారికి ఈ ఎంపిక దూరపు విషయం కాదు. 2023 జనవరి 23న సియాటిల్‌లో కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన విద్యార్థిని రోడ్డు దాటుతుండగా పోలీసు కారు ఢీకొట్టి చనిపోయింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టుగా, పదకొండు వేల డాలర్లకు చెక్కు రాస్తే సరిపోతుందంటూ పోలీసు సంఘం ఉపాధ్యక్షుడు ఫోనులో నవ్విన మాటలు సెప్టెంబరులో బయటపడ్డాయి. పెద్ద పత్రికలు ఆయన ఇచ్చుకున్న సంజాయిషీని, అంటే నగరం తరఫు న్యాయవాదులు ఎలా వాదిస్తారో ఎగతాళి చేశానన్న మాటను, శ్రద్ధగా ప్రచురించాయి, అది అవసరమే. వ్యాఖ్యాతలు ఆ నవ్వును పదేపదే వినిపించి జాతి ద్వేషమని తేల్చారు. ఆ సంభాషణలో ఆమె జాతి ప్రస్తావన లేదు. 40 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్న వీధిలో కారు సుమారు 119 కిలోమీటర్ల వేగంతో వెళ్లిందని, 2012 నుంచి ఆ పోలీసు శాఖ మీద ఉన్న సమాఖ్య న్యాయస్థానపు పర్యవేక్షణలో చాలా భాగాన్ని జడ్జి ఆ సెప్టెంబరులోనే ఎత్తివేశారని, ఢీకొట్టిన అధికారి మీద నేరాభియోగం మోపడానికి 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్లు నిరాకరించారని మాత్రం రికార్డు చెబుతోంది. నవ్విన అధికారిని 2024 జూలైలో ఉద్యోగం నుంచి తొలగించారు. అక్కడి మన విద్యార్థి సంఘాలు ఇలాంటి సందర్భంలో ముందుగా చదవవలసింది ఆ రికార్డును అడిగి తెచ్చే స్థానిక పత్రికను, పక్షం వహించినా ఆధారం చూపేవారిని. తరువాత పెద్ద పత్రికను. టీవీ వ్యాఖ్యాతను, ఆయన మన పక్షాన్నే మాట్లాడుతున్నా సరే, ఆ రెండూ చదివిన తరువాతనే.