నాలుగేళ్లు వాడాక: గోడ మీది ఫ్లానెల్ గుడ్డ, తేల్చుకోలేని బొంత గడులు

కావలిలో జాకెట్లు కుట్టే పని నాది. ఈ పనిలో ముక్కలకు కొదవుండదు. టూ బై టూ రుబియా, పాప్లిన్, లైనింగు గుడ్డ, అప్పుడప్పుడు ఎవరో వద్దని వదిలేసిన చీర కొంగు. వాటిని కలిపి తొమ్మిదంగుళాల గడులు కుడతాను, గడులన్నీ అతికి బొంత చేస్తాను. ఇప్పటికి పదకొండు బొంతలయ్యాయి. ప్రతి బొంతకీ నాలుగైదు గడులు పక్కన పడతాయి. కుట్టేటప్పుడు బాగానే ఉంటాయి, పూర్తయ్యాక చేతిలో పట్టుకుంటే వెయ్యాలా వద్దా అని మనసు ఊగుతుంది. గంట సేపు కూర్చుని కుట్టినదాన్ని పారెయ్యబుద్ధి కాదు. అట్టని బొంతలో వెయ్యబుద్ధీ కాదు.

ఆ గడుల కోసమే నాలుగేళ్ల కిందట తెల్ల ఫ్లానెల్ మూడు మీటర్లు కొన్నాను. 36 అంగుళాల పన్నా. రెండు ముక్కలు చేసి పక్కపక్కన కలిపి కుడితే ఆరడుగుల వెడల్పు, దాదాపు అయిదడుగుల ఎత్తు వచ్చింది. పై అంచుకు చెక్క బద్ద దూర్చి, ముందు గదిలో కిటికీకి ఎదురు గోడకు మేకులు కొట్టి తగిలించాను. ఫ్లానెల్‌కి నూగు ఉంటుంది కదా, నూలు గుడ్డ దాని మీద పెట్టి అరచేత్తో ఒత్తితే గుండుసూది లేకుండానే అంటుకుంటుంది. తీసి ఇంకోచోట పెట్టొచ్చు.

అంతకు ముందు మంచం మీద పరిచి చూసేదాన్ని. మంచం పక్కన నిలబడితే రెండడుగుల దూరం నుంచే కనబడుతుంది, అదీ ఏటవాలుగా. పిలకాయలు పడుకునే వేళకి అన్నీ తీసెయ్యాలి. మర్నాడు పరిస్తే వరస వేరు, చూపు వేరు. గోడ మీదైతే పదడుగుల దూరం నుంచి చూడొచ్చు, వారం రోజులు అట్టే వదిలెయ్యొచ్చు. అన్నం వండుకుంటూ, కొలతలు తీసుకుంటూ మధ్యలో ఓసారి తలెత్తి చూస్తే చాలు. మొదటి రోజు నచ్చని గడి నాలుగో రోజుకి కంటికి తగలకుండా పోతే దాన్ని వేసేస్తాను. నాలుగో రోజుకి కూడా కన్ను నేరుగా దాని మీదికే పోతుంటే అప్పుడు దాని సంగతి చూస్తాను.

ఒక చిలకపచ్చ గడి సంగతి చెప్పాలి. మిగతావన్నీ నీలం, ముదురు ఎరుపు, గోధుమ రంగు. అల్లూరు నుంచి మా పిన్ని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందిమే ఆ పచ్చ, కంట్లో నలుసు మాదిరి ఉండాది. తీసెయ్" అంది. తీసేద్దామనే అనుకున్నాను. తీసే ముందు గోడ మొత్తాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, రంగు తీసేసి నలుపు తెలుపుల్లో చూశాను. ఆ పచ్చ గడి పక్కనున్న నీలం గడులంత బూడిద రంగులోనే కలిసిపోయింది. అంటే ముదురు, లేత తూకంలో తేడా లేదు, ఆ రంగు బొంత మొత్తంలో ఒక్కచోటే ఉండటమే ఇబ్బంది. అదే పచ్చ పేలికలు రెండు వెతికి దూరంగా ఇంకో రెండు గడుల్లో సన్న పట్టీలుగా వేశాను. సాయంత్రం పిన్నిని పిలిచి చూపిస్తే, ఆ పచ్చ గడి ఎక్కడ పెట్టావని అడిగింది. అది ఉన్నచోటే ఉంది.

దీనికి పూర్తిగా తలకిందులైన అనుభవం లేత పసుపు గడిది. రంగుల్లో చూస్తే ఎంత ముద్దుగా ఉందో. నలుపు తెలుపు ఫొటోలో మాత్రం ముదురు గడుల నడుమ చిల్లు పడ్డట్టు తెల్లగా కనబడింది. దాన్ని నాలుగు చిన్న చదరాలుగా కోసి నాలుగు మూలలకీ పంచేశాను. కుట్టిన గడిని మళ్లీ కొయ్యడానికి మొదట్లో చెయ్యి రాలేదు. ఇప్పుడు భయం లేదు. కోసిన వెంటనే కొత్త అంచుల పక్కన ఇంకో కుట్టు వేసుకుంటే పాత కుట్లు ఊడిరావు.

రంగుల అనుమానం వరకూ ఫ్లానెల్‌కి నేను పూర్తి మార్కులు వేస్తాను. అది చెప్పలేనివి మూడున్నాయి, వాటిలో ఒకటి నన్ను ఏడిపించింది.

మొదటిది కొలత. గోడ మీద అన్ని గడులూ సమానంగానే కనబడతాయి. గడులకి కుట్టు లోపలికి పోయే అంచు పావు అంగుళం ఉండాలి. జాకెట్ల అలవాటుతో నా చెయ్యి కాస్త లోపలికి పోతుంది. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయినా, రెండు ముక్కల నుంచీ పోతుంది కాబట్టి ఒక్కో కుట్టుకి ఎనిమిదో వంతు తగ్గుతుంది. వరసలో నాలుగు కుట్లుంటే అర అంగుళం మాయం. అట్టా తగ్గిన గడిని సాగదీసి అతకొద్దు, బొంత ఉబ్బుతుంది. చుట్టూ అంగుళంన్నర పట్టీ వేసి, మళ్లీ స్కేలు పెట్టి తొమ్మిదిన్నరకి కత్తిరించండి. అతికాక తొమ్మిది మిగులుతుంది.

రెండోది రంగు దిగడం. మా చెల్లెలి బిడ్డ కోసం తెలుపు, ఎరుపు గడులతో బొంత కుట్టాను. ఆ ఎరుపు గుడ్డ దిగదని కొన్నచోట గట్టిగా చెప్పారు. నాకే ఎందుకో ఆ గడుల మీద గురి కుదరలేదు. అయినా గోడ మీద అంత అందంగా ఉన్నాయని వేసేశాను. మొదటి ఉతుక్కే తెల్ల గడులన్నీ గులాబీ మరకలయ్యాయి. రెండు నెలల చేతి కుట్టు. బాలింత గదిలో ఆ బొంత మడిచి పక్కన పెట్టేసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి అనుమానం ఉన్న గుడ్డ ముక్కని స్టీలు గిన్నెలో గోరువెచ్చని సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, తీసి తెల్ల గుడ్డ మీద పరిచి ఆరబెడతాను. తెల్ల గుడ్డకి రంగు అంటితే ఆ ముక్క ఎంత అందంగా ఉన్నా బొంతలోకి రాదు. ముదురు ఎరుపు, మెరూన్, నీలిమందు రంగుల్ని అనుమానం లేకపోయినా నానబెట్టే చూస్తాను.

మూడోది గుడ్డ బలం. మా అమ్మ వెంకటగిరి చీర ఒకటి నా దగ్గరుంది. 100 కౌంట్ నూలు, అంటే బాగా సన్న దారం, ఉల్లిపొరలా ఉంటుంది, కట్టీ కట్టీ ఇంకా పలచబడింది. దానితో కుట్టిన గడి గోడ మీద అన్నిటికన్నా నిండుగా ఉంది. తీసి చేత్తో పట్టుకుంటే మాత్రం రుబియా పక్కన ఈ గుడ్డ రెండేళ్లు నిలవదని వేళ్లకే తెలిసిపోయింది. ఎనిమిది నెలలు ఆ గడి గోడ మీదే ఉంది. చివరికి కుట్లు విప్పి, ఒక్కో ముక్క కింద మల్ గుడ్డ పెట్టి అంచుల వెంట టాకాలు వేసి, రెండు పొరల్నీ ఒకటిగా చేసి మళ్లీ కుట్టాను. మధ్యలో కాకుండా, రోజూ లాగే అంచులకు దూరంగా రెండో వరసలో వేశాను. మూడు చలికాలాలు కప్పుకున్నాం, చిరగలేదు.

వంకర గీతల్ని, కలవని మూలల్ని మాత్రం నేనిప్పుడు అనుమానం కింద లెక్కెయ్యను. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊళ్లో నల్లజాతి ఆడవాళ్లు పాత పని బట్టలతో కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి మీద పది స్టాంపులు తెచ్చింది. ఆ బొంతల ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. పట్టీలు వంగి ఉంటాయి, గడులు ఒకదానికొకటి సరిపోవు, అయినా చూపు తిప్పుకోలేం. ఆ రోజే పక్కన పెట్టిన వాటిలోంచి వంకర గడులు ఆరు తీసి మళ్లీ గోడ మీదికెక్కించాను. నాలుగు బొంతలోకి వెళ్లాయి. రెండు దిండు గలీబులకి పోయాయి.

ఇక గుడ్డ ఎంత కాలం వచ్చిందీ అంటే: మూడో ఏటికి మధ్య భాగంలో నూగు అణిగిపోయింది, గడులు జారడం మొదలైంది. ఉతికి, ఎండబెట్టి, మెత్తటి బ్రష్‌తో పైకి దువ్వితే కొన్ని నెలలు వచ్చింది. తర్వాత తిరగేసి తగిలించాను. మే నెలలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే గడులు రాలతాయి, కాబట్టి వేసవిలో ఒక్కో గడికి ఒక గుండుసూది తప్పదు. పాలియెస్టర్ కలిసిన గుడ్డ ఏ కాలంలోనూ అంటుకోదు. తెలుపు కొనడం నా పొరపాటు, లేత రంగు గడులు దాని మీద తెలియవు.

మొన్ననే లేత బూడిద రంగు ఫ్లానెల్ తెచ్చి ఉతికి మేకులకి తగిలించాను. దాని మీద ఇప్పుడు తొమ్మిది గడులున్నాయి. కింది వరసలో మూలనున్న వంగపండు రంగుదాని ముక్క గిన్నెలో నానుతోంది.