మోకాలికి టెన్స్ మిషన్: మూడేళ్లుగా వాడుతున్నాక

టెన్స్ అంటే చర్మం మీద ప్యాడ్లు అంటించి, నొప్పి తగ్గడానికి చిన్నపాటి కరెంటు పంపే మిషన్. మా వైపు దీన్ని ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. నేను హైస్కూలు టీచర్ని. రోజంతా నిలబడే ఉద్యోగం, పైగా మా స్టాఫ్‌రూమ్ మేడ మీద. కుడి మోకాలి ఎక్స్‌రే చూసి డాక్టరుగారు అరుగుదల 2వ గ్రేడ్‌లో ఉందన్నారు. ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు, ముందు ఫిజియో చేయించుకోండి అని పంపారు.

క్లినిక్‌లో మొదట పెట్టింది ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ), అదీ కరెంటు వైద్యమే. అది బల్ల మీద ఉండే పెద్ద పెట్టె. 4000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 4000 సార్లు) దరిదాపుల్లో ఉండే రెండు కరెంట్లను మోకాలి చుట్టూ ఒకదానికొకటి అడ్డంగా పంపుతుంది. టెన్స్ అరచేతిలో పట్టే మిషన్, ఇంట్లో మనమే పెట్టుకోవచ్చు. రోజూ ఆటోకి పెట్టి, అక్కడ వంతు కోసం కూర్చోవడం నావల్ల కాలేదు. ప్యాడ్లు ఎక్కడ అంటించాలో ఫిజియో అమ్మాయి దగ్గర నేర్చుకుని టెన్స్ కొనుక్కున్నాను.

ఇది చేసే పని సూటిగా చెప్పాలంటే, కాలు గడపకి తగిలితే గబగబా రుద్దుకుంటామే, అదే. స్పర్శను మోసే నరాలు చురుగ్గా ఉంటే, నొప్పి కబురు వెన్నుపాము దగ్గరే కొంత ఆగిపోతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ‘గేటు’ సిద్ధాంతం చెప్పారు. ఆ తర్వాతే ఇలాంటి మిషన్లకు ఊపొచ్చింది. అంటే మోకాలిలో అరిగింది ఏదీ దీనివల్ల తిరిగి రాదు. గుజ్జు పెరుగుతుందని చెప్పి అమ్మే దుకాణాలున్నాయి, నమ్మకండి.

నేను వాడేది 100 హెర్ట్జ్ దగ్గర. చిప్పకు పైన రెండు ప్యాడ్లు, కింద రెండు. చీమలు పాకుతున్నట్టు గట్టిగా తెలియాలి, కానీ కండ ఎగరకూడదు, మంట పుట్టకూడదు. కాసేపటికి ఒళ్లు అలవాటు పడి ఏమీ తెలియనట్టు ఉంటుంది, అప్పుడు ఒక గీత పెంచాలి. 2 నుంచి 4 హెర్ట్జ్‌లో కండ టకటకా కొట్టుకునే పద్ధతి ఇంకోటి ఉంది. అది నాకు సుఖంగా అనిపించలేదు.

ఫలితమా? పెట్టుకున్నంతసేపూ, తీశాక ఇంకో గంటో రెండు గంటలో హాయిగా ఉంటుంది. మర్నాడు మెట్ల దగ్గర మోకాలు మళ్లీ మామూలే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో, ఆధారాలు చాలవు కాబట్టి కీళ్ల అరుగుదలకు టెన్స్ ఇవ్వొద్దంది. అమెరికా రుమటాలజీ కాలేజీ (కీళ్ల జబ్బుల డాక్టర్ల సంఘం) 2019 మార్గదర్శకాలైతే మోకాలికి గట్టిగానే వద్దన్నాయి. నాకు కలిగిన ఉపశమనంలో నమ్మకం పాలు ఎంతో తేల్చలేను. అయినా ఆ హాయి ఉన్న కాసేపట్లోనే వ్యాయామాలు చేయగలిగాను, నా డబ్బు అక్కడ గిట్టుబాటైంది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం, కాలు చాపి నిటారుగా ఎత్తి పట్టుకోవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. నొప్పితో అయితే వీటిలో ఒక్కటీ సాగేది కాదు.

వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఇంటికి వెళ్తూ మిషన్ ఇంట్లోనే వదిలేశాను. వ్యాయామాలు మానలేదు. మోకాలు ఏమీ మొరాయించలేదు. (బడీ లేదు, మేడ మెట్లూ లేవు, అదీ ఒక కారణమే.) తిరిగొచ్చాక మిషన్ వాడకం బాగా తగ్గింది. ఇప్పుడు పరీక్షల డ్యూటీలు, పెళ్లిళ్లు ఉన్న రోజుల్లోనే తీస్తున్నాను.

అసలు ఖర్చు ప్యాడ్లది. మిషన్ ఒకసారే, జిగురు ప్యాడ్లు మాత్రం మళ్లీ మళ్లీ కొనాలి. కొబ్బరి నూనో, నొప్పి బామో రాసిన కాలికి అంటించారంటే జిగురు పోయినట్టే. పైగా బామ్ మీద కరెంటు పెడితే చర్మం మండుతుంది. సబ్బుతో కడిగి, ఆరాక పెట్టుకోవాలి. ప్యాడ్ అంచు లేచిందంటే కరెంటంతా మిగిలిన ముక్కలోంచే పోయి సూదుల్లా గుచ్చుతుంది. అలాంటిది పారేయడమే. షుగరుతో కాళ్లు మొద్దుబారినవాళ్లకు ఈ గుచ్చడం తెలియక చర్మం కాలే ప్రమాదం ఉంది, వాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు.

పక్కింటి పిన్నిగారు మొన్న ఈ మిషన్ ఒక వారం ఇవ్వమని అడిగారు. ఆవిడ గుండెకి పేస్‌మేకర్ ఉంది, ఈ కరెంటు దాని పనికి అడ్డు తగలొచ్చు. ఇవ్వనని చెప్పి, తువ్వాలు వ్యాయామం నేర్పించమని మా ఫిజియో అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను.