పర్లాకిమిడిలో మా ఫ్యామిలీ డాక్టరు: టైపింగు పని తప్పాక

అమ్మకు షుగరు, బీపీ. ఏళ్ల తరబడి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక్క డాక్టరుగారికే చూపిస్తున్నాం. క్లినిక్‌లో కంప్యూటరు పెట్టిన కొత్తలో మాకేం నచ్చలేదు. పాత మందులు, పరీక్షల అంకెలు అన్నీ ఆయనే టైపు చేసుకునేవారు. అమ్మ ముఖం వైపు చూసే తీరికే ఉండేది కాదు.

తర్వాత బయట బల్ల దగ్గర ఒక అమ్మాయిని పెట్టారు. తెలుగు, ఒడియా రెండూ బాగా వచ్చు. బీపీ, బరువు చూసి, ఏ మందు అయిపోయింది, ఏది మానేశాం, అన్నీ అడిగి ఎక్కిస్తుంది. డాక్టరుగారు చివర్లో సరిచూసి సంతకం పెడతారంతే.

మిగిలిన టైములో ఆయన ఏం చేస్తున్నారన్నదే అసలు సంగతి. ఒకసారి అమ్మను చెప్పులు విప్పి కళ్లు మూసుకోమన్నారు. సన్నటి నైలాను పోగు అరికాలి మీద అక్కడక్కడా ఆనిస్తూ, "తగిలిందా అమ్మా?" అని అడుగుతూ వచ్చారు. బొటనవేలి కింద ఎన్నిసార్లు ఆనించినా అమ్మ పలకలేదు. అక్కడ స్పర్శ తగ్గిందని అప్పుడే తెలిసింది. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే ముల్లు గుచ్చుకున్నా తెలీదు, పుండు పడ్డాకే చూసుకుంటాం. హెచ్‌బీఏ1సీ కాగితం రెండు మూడు నెలల షుగరు సగటు చెబుతుంది గానీ, ఈ సంగతి చెప్పదు.

పొద్దున ఏం తింటారని కూడా అడిగారు. పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) అంది అమ్మ. మానేయమనలేదు. అన్నం తగ్గించి, ఆకుకూర, చేప ఎక్కువ వేసుకోమన్నారు. ఇంట్లోనూ ఉత్తికాళ్లతో తిరగొద్దన్నారు. మేం ఎంత చెప్పినా విననిది, ఆయన చెబితే వింది!

ఇక ఆభా. 2021లో దేశమంతా మొదలైన డిజిటల్ హెల్త్ మిషన్ కింద మన వైద్య రికార్డుల కోసం ఇచ్చే 14 అంకెల నంబరు ఇది. బీమా కార్డు కాదు, ఆయుష్మాన్ కార్డుతో కలిపేసుకోకండి. మనం ఒప్పుకుంటేనే మన రికార్డు ఇంకో డాక్టరు చూడగలరు, అది నాకు నచ్చింది. కానీ అందులో చేరని ల్యాబు రిపోర్టు దానంతటది రాదు. శ్రీకాకుళంలో చేయించిన పరీక్షలు మేమే ఫొటో తీసి ఎక్కిస్తున్నాం. అమ్మ ఆధార్‌కున్న ఫోను నంబరు తమ్ముడిది, వాడేమో సూరత్‌లో ఉన్నాడు. వాడు షిఫ్టులో ఉంటే ఓటీపీ కోసం ఎదురుచూపులే. ముందే ఆ నంబరు మార్పించుకోండి.

ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజు డాక్టరుగారు మళ్లీ కీబోర్డు ముందే కూర్చుంటారు. ఇంకొకరిని కూడా పెట్టండని ఈమధ్యే ఆయన్ను అడిగాం.