108, 102, ప్రైవేటు అంబులెన్సు: ఎప్పుడు ఏది మేలు?

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యేదాకా చాలా ఊళ్లలో అంబులెన్సు అంటే ఆసుపత్రి వాళ్ల వ్యానే. పేషెంటును పడుకోబెట్టి తీసుకెళ్లేవాళ్లు, అంతే. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు నెలకొల్పిన ఈఎంఆర్‌ఐ అనే సంస్థ ఈ పద్ధతిని మార్చింది. ఉచిత నంబరు ఒకటి పెట్టి, దగ్గర్లో ఉన్న బండిని పంపి, అందులో పైలట్‌తో (డ్రైవరుతో) పాటు ఈఎంటీని, అంటే అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన సిబ్బందిని ఉంచింది. దీంతో చికిత్స బండి ఎక్కించగానే మొదలవడం సాధ్యమైంది. 2009లో సత్యం కుప్పకూలాక సంస్థ జీవీకే గ్రూపు చేతికి వెళ్లింది. అప్పటికే ఖర్చులో అధికభాగం ప్రభుత్వానిదే కావడంతో బళ్లు ఆగలేదు.

ప్రాణం మీదికొస్తే ఇప్పటికీ మొదట ఫోన్ చేయాల్సింది 108కే. గుండెపోటు, ప్రమాదం, పాముకాటు, పురుగుల మందు, ఫిట్స్ ఏదైనా సరే. అయితే అన్ని 108 బళ్లూ ఒకటి కావు. ఏపీలో 2020 జులై 1న ప్రారంభించిన 412 బళ్లలో 282 బీఎల్‌ఎస్ (ప్రాథమిక చికిత్స బళ్లు), 104 ఏఎల్‌ఎస్ (ఉన్నత స్థాయి చికిత్స బళ్లు), 26 నవజాత శిశువుల కోసం. వెంటిలేటర్, గుండె మానిటర్ ఉండే ఏఎల్‌ఎస్ ఆ బళ్లలో నాలుగింట ఒకటే అన్నమాట. అందుకే ఫోన్‌లో ‘సీరియస్‌గా ఉంది’ అని వదిలేయొద్దు. స్పృహ ఉందా, ఊపిరి ఎలా ఆడుతోంది, రక్తం ఎంత పోతోంది, ఎప్పుడు మొదలైంది అన్నవి చెప్పాలి. ఊరి పేరుతో పాటు మండలం కూడా చెప్పండి, ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి. బండివాళ్లు తిరిగి చేసేది మీరు ఏ ఫోన్ నుంచి చేశారో దానికే కాబట్టి బంధువులకు వేరే ఫోన్‌తో చెప్పుకోండి. ఒకరు రోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి.

108కి ఉన్న పరిమితి ఏమిటంటే, అది చేర్చేది దగ్గర్లోని తగిన ఆసుపత్రికి, మీరు కోరుకున్న కార్పొరేట్ ఆసుపత్రికి కాదు. చాలావరకు అదే మంచిది. పక్షవాతం విషయంలో మాత్రం సీటీ స్కాన్ ఉన్నచోటికే తీసుకెళ్లమని ఈఎంటీని గట్టిగా అడగాలి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. స్కాన్ లేని చోట దిగితే విలువైన సమయం అక్కడే పోతుంది.

102ది వేరే దారి. 2011లో కేంద్రం తెచ్చిన జననీ శిశు సురక్ష పథకంలో గర్భిణులకు, పసిబిడ్డలకు ఉచిత రవాణా హక్కుగా వచ్చింది. తెలంగాణలో అమ్మఒడి వాహనాలు గర్భిణులను చెకప్‌కు, కాన్పుకు తీసుకెళ్లి ఇంటికి చేరుస్తాయి. ఏపీలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ముఖ్యంగా ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయ్యాక ఇంటికి దించడానికి. ముందే తెలిసిన ప్రయాణాలకు ఇదే సరైనది. నొప్పులు ఎక్కువైనా, ఉమ్మనీరు పోయినా, ఫిట్స్ వచ్చినా 102 కోసం ఎదురుచూడొద్దు. అది 108 పని.

ప్రైవేటు బండి అక్కరకొచ్చేది ఒక ఆసుపత్రి నుంచి దూరంగా ఉన్న మరో ఆసుపత్రికి మార్చేటప్పుడు. బేరం కన్నా ముందు ఆక్సిజన్ లెక్క చూడండి. చిన్నదైన బి-టైప్ సిలిండర్‌లో నిండా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలకు ఖాళీ, 15 పెడితే 100 నిమిషాలే. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో మూడు గంటలు పడితే ఒక్క సిలిండర్ దారిలోనే అయిపోతుంది. రెండోది ఉండాలి, సిలిండర్ మార్చడానికి వాడే స్పానర్ కూడా బండిలోనే ఉండాలి. గేజ్ ముల్లు సగంలో ఉంటే సమయం కూడా సగమే. వెంటిలేటర్ ఉన్న బండి అంటే దాన్ని నడిపే టెక్నీషియన్ ఎవరో అడగండి. బ్యాటరీ మీద పది నిమిషాలు ఆడించి చూపించమనండి. చేర్చుకునే ఆసుపత్రిలో బెడ్ ఖాయమైందని అక్కడి డ్యూటీ డాక్టరు నోట విన్నాకే స్ట్రెచర్ కదిలించండి.