సొసైటీ పాస్‌బుక్కా, సహకార బ్యాంకు పాస్‌బుక్కా?

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన డబ్బు రాగానే మా చిన్నమ్మ రెండు పాస్‌బుక్కులు నా ముందు పెట్టింది. ఒకటి వాడకట్టులోని పొదుపు సొసైటీది, ఇంకొకటి జిల్లా సహకార కేంద్ర బ్యాంకుది. రెండింటి మీదా 'సహకార' అనే ఉంది. చిక్కంతా అక్కడే.

సహకార బ్యాంకైనా సరే, బ్యాంకు డిపాజిట్‌కు రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ బీమా ఉంటుంది; బ్యాంకు మునిగితే ఒక పరిమితి వరకు మన డబ్బు అదే ఇస్తుంది. ఒకప్పుడు లక్ష వరకే, 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు. ప్రీమియం మనం కట్టక్కర్లేదు, బ్యాంకే కడుతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఈ 5 లక్షల్లో అసలు, వడ్డీ రెండూ కలిసే ఉంటాయి. అదే బ్యాంకులో హన్మకొండలో ఒక ఖాతా, నర్సంపేటలో ఒక ఖాతా ఉన్నా రెండూ కలిపి 5 లక్షలే. రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టి విత్‌డ్రాయల్స్ ఆపేస్తే, 2021 సవరణ ప్రకారం 90 రోజుల్లో బీమా సొమ్ము అందాలి.

సొసైటీలో అప్పు తొందరగా పుడుతుంది, మనుషులు తెలిసినవాళ్లు. నాకూ అది ఇష్టమే. కానీ ఆ బీమా లేదు. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకూ లేదు. రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నంత మాత్రాన ప్రభుత్వ గ్యారంటీ ఉన్నట్టు కాదు, దయచేసి మోసపోకండి.

వడ్డీకి చోటుండేలా నాలుగున్నర లక్షలు బ్యాంకులో వేయించాను. సొసైటీలో నెలనెలా కట్టే పొదుపు మాత్రం చిన్నమ్మ మానలేదు.